ఖాళీ పెట్టె పోను

రేవు వదిన దగ్గితే ఓడ రేటు తగ్గుతుందని ఆ రేవులో ఒక మాట ఉంది. అదంతా అబద్ధమని వాదించేవాళ్లూ ఉన్నారు గానీ, ఆవిడ ఎదురుగా నిలబడి వాదించినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఒకసారి ఓడ కంపెనీ ఏజెంటు ఫోన్‌లో రేటు చెప్పి, అవతల ఆవిడ ఊపిరి పీల్చుకున్న చప్పుడు విని, తనంతట తానే కొంత తగ్గించాడట. ఇంకోసారి ఫోన్ మోగగానే హలో కూడా అనకుండా తగ్గించేశాడట. తీరా చూస్తే ఫోన్ చేసింది వదిన కాదు, వాడి భార్య, వచ్చేటప్పుడు కూరగాయలు తెమ్మని. ఆ నెలంతా వాళ్లింటికి కూరగాయలు చవగ్గా వచ్చాయని కూడా చెప్పుకుంటారు. నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది.

వదిన అనే పిలుపు ఆవిడకు మొగుడి వైపు నుంచి వచ్చింది. ఆయన రేవులో క్రేన్ నడుపుతాడు. ఆకాశంలో గూడు కట్టుకున్న పిట్టలా పొద్దున్నుంచి అద్దాల గదిలో కూర్చుని ఓడల మీది కంటైనర్లు దించుతుంటాడు. ఆ కంటైనర్లను రేవులో అందరూ పెట్టెలనే అంటారు. కిందనున్న కూలీలకూ డ్రైవర్లకూ ఆయన అన్న. అన్న భార్య వదిన కాక మేనత్త అవుతుందా? గుమాస్తాలు, లారీవాళ్లు, చివరికి ఆవిడ పనిచేసే ఆఫీసు యజమాని కూడా, తల నెరిసినవాడై ఉండి, వదినా అనే పిలుస్తాడు.

ఆ యజమాని పేరు నిమ్మళం సారు. ఆఫీసుకు నిప్పంటుకున్నా "నిమ్మళంగా, నిమ్మళంగా" అంటూ ముందు టీ తాగి, తర్వాత నీళ్ల కోసం వెతికే మనిషి. టైర్ల దుకాణం మీద మేడ గది ఆయన ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన ముక్కు పట్టుకుని పైదాకా వస్తుంది. లోపల మూడు బల్లలు, కిర్రుమనే ఫ్యాను, గోడకు దేశం పటం. దేశానికి పడమట ఒక సముద్రం, తూర్పున ఒక సముద్రం. మధ్యలో బోలెడన్ని ఊళ్లు. విదేశాల నుంచి ఆ ఊళ్లకు సరుకు రావాలంటే ఏ తీరంలో దింపాలి, అక్కడి నుంచి రైలెక్కించాలా లారీ ఎక్కించాలా, ఏ దారిన వస్తే చవక అని పోల్చి చెప్పడం వదిన పని. పదో తరగతిలో భూగోళం పరీక్ష తప్పి బడి మానేసిన మనిషికి భూగోళమే కూడు పెట్టింది. చదువుకున్నవాళ్లు దీన్ని విధి అంటారు. వదిన మాత్రం ఆ పేపరు దిద్దినవాడికి రెండు తీరాలున్న సంగతి తెలియదంటుంది.

ఆవిడ పుట్టింది సముద్రానికి ఆమడల దూరంలో, దేశం బొడ్డు దగ్గర ఉన్న ఊళ్లో. పెళ్లయి వచ్చి మొదటిసారి సముద్రం చూసినప్పుడు, "ఇన్ని నీళ్లు ఇక్కడ పెట్టుకుని మా ఊరికి ఒక్క బిందె పంపరేం?" అని అడిగిందట. "పంపుతాం గానీ రవాణా ఎవరు పెట్టుకుంటారు?" అన్నాడట కొత్త మొగుడు. ఆవిడ రవాణా వ్యాపారంలో అడుగు పెట్టింది ఆ క్షణానే అని లెక్క.

ఆ పుట్టినూరి నుంచే ఒకనాడు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. అవతల అక్క.

"చెల్లీ, బాబాయి కార్ఖానా ఎత్తేస్తున్నాడే."

"ఎక్కడికి ఎత్తుతాడు? అదేమన్నా గొడుగా?"

"వేళాకోళం కాదు. మీ రేవు పక్కనే షెడ్డు చూసుకున్నాడట. వచ్చే నెల మొదట్లో ఒప్పందం మీద సంతకం. రాగలిగినవాళ్లు రండి, రాలేనివాళ్లకు లెక్క చూసేస్తానన్నాడు."

బాబాయి అంటే సొంత బాబాయి కాదు, వాళ్ల వీధి బాబాయి. పెంకులు కాల్చే కార్ఖానా ఆయనది. గోడలకూ నేలకూ వేసే తెల్లటి నునుపైన పెంకులు. పెంకుల వ్యాపారం వల్ల పెంకితనం వచ్చిందో, పెంకితనం వల్లే పెంకుల వ్యాపారంలోకి దిగాడో ఊళ్లో ఇంకా తేలలేదు. అక్క అక్కడ పెంకుల మీద రంగుల పూలు దిద్దే పని చేస్తుంది. ఆ కుంచె పట్టుకున్న చెయ్యి వణికితే భూకంపం వచ్చిందని ఊరంతా బయటికి పరుగెత్తాలి, అంత నిలకడ. కానీ ఇంట్లో అత్తగారు మంచం పట్టి ఉంది. ఆవిణ్ని కదిలించకూడదు. అక్క ఇల్లు వదిలి రేవుకు రావడం కుదరదు. కార్ఖానా పోతే ఆ చేతికి మరో పని ఆ ఊళ్లో లేదు.

"సంతకం పెట్టనివ్వను" అంది వదిన.

"నీ మాట వింటాడా?"

"నా మాట వినడు. రేటు మాట వింటాడు."

వెంటనే పెంకులాయనకు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఏమిటిది? ముసలితనంలో సముద్రస్నానాలా?"

"నా మట్టి సముద్రం మీద వస్తోంది కదే అమ్మాయ్. నేనే ఎదురెళ్తే పోలా?" అన్నాడు. తెల్ల పెంకులకు కావలసిన తెల్లమట్టి విదేశం నుంచి ఓడలో వస్తుంది. పడమటి తీరంలో వదిన ఉన్న ఈ రేవులోనే దిగి, కొండదారి ఎక్కి ఆ ఊరు చేరుతుంది. "మట్టి ధర కంటే దాన్ని మోసుకొచ్చిన కూలే ఎక్కువైంది. పెళ్లికూతురి కంటే పల్లకీ బరువు. ఇంకెన్నాళ్లు మొయ్యను?"

"ఎంత తగ్గితే ఉంటావు?"

"మూడో వంతు తగ్గించి చూపించు. ఈ గేటుకు తాళం పెట్టను. తగ్గకపోతే మాత్రం నువ్వు కాదు, మీ నాన్న దిగొచ్చి చెప్పినా వినను."

"సరే. ఆ సంతకం పెట్టే కలం ఎవరికైనా అప్పివ్వు. నీకు దాంతో పని లేదు."

మూడో వంతు! నిమ్మళం సారు విని టీ గ్లాసు కింద పెట్టాడు. అది ఆయన జీవితంలో తొందరపాటు కిందే లెక్క.

"వదినా, పడమటి రేవు కంటే దగ్గర రేవు లేదు. ఈ రేవు కంటే చవక ఓడ లేదు. ఇందులో పిండేందుకు రసమే లేదు."

"తూర్పు రేవు?"

"ఓడ దక్షిణం కొస చుట్టి రావాలి. దాని రేటు ఎక్కువ. అటు నుంచి మీ ఊరికి దారి కూడా పొడుగు. దూరపు కొండలు నునుపు, వదినా."

"దూరంలో కొండలే లేవు సారూ. కొండలన్నీ ఇటే ఉన్నాయి" అని ఆవిడ పటం ముందు నిలబడింది.

ఆ మాట అనేశాక దాని అర్థం ఆవిడకే తెలిసింది. పటంలో పడమటి తీరం వెంట గోధుమరంగు కొండల బారు. ఆ కొండదారి మీద ఒక పాత వంతెన ఉంది. దాని మీద మరీ బరువైన పెట్టెను పోనివ్వరు. దూది పెట్టెకో బొమ్మల పెట్టెకో ఆ చిక్కు లేదు, అవి నిండినా తేలికే. మట్టి అలా కాదు. అందుకని పడమట దిగే మట్టి పెట్టెను మొదట్నుంచీ సగం కంటే కాస్త ఎక్కువగా మాత్రమే నింపుతున్నారు. తూర్పు వైపు దారి అరచెయ్యిలా చదును. అక్కడ పెట్టెను కడుపారా నింపొచ్చు. ఇన్నాళ్లూ అందరూ పెట్టెకు పెట్టె పోల్చారు. ఒక పెట్టె పథ్యం మీద ఉంది, ఇంకోటి విందు తిని వస్తుంది. పోల్చవలసింది పెట్టెను కాదు, లోపలి మట్టి బరువును.

ఆవిడ టన్నుల్లోకి దింపి మళ్లీ లెక్క వేసింది. తూర్పు ఓడ ఎక్కువ రేటు పుచ్చుకుని కూడా ఓడిపోలేదు. ఇక తూర్పు రేవు నుంచి ఊరిదాకా లారీ ఖర్చు తేలాలి.

తూర్పు రేవులో లారీలు నడిపే కుర్రాయన ఒకడు ఆవిడకు ఫోన్ పరిచయం. ఎన్నేళ్లుగా మాట్లాడుకుంటున్నా ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఆవిడకు అతను తమ్ముడు, అతనికి ఆవిడ అక్క. అతని గొంతు విని ఆవిడ బక్కపల్చటి మీసాల పిల్లాణ్ని ఊహించుకుంది. ఆవిడ గొంతు విని అతను ఏం ఊహించుకున్నాడో గానీ, ఫోన్ ఎత్తగానే కుర్చీలో సర్దుకు కూర్చునేవాడట.

"తమ్ముడూ, మట్టి పెట్టె. నిండా ఉంటుంది. మా ఊరిదాకా సరుకు రాను, ఖాళీ పెట్టె పోను, ఎంతవుతుంది?"

ఖాళీ పెట్టె సంగతి ఆవిడ మరిచిపోయే మనిషి కాదు. పెట్టె ఓడ కంపెనీది. సరుకు దింపుకున్నాక దాన్ని తిరిగి రేవులో అప్పగించాలి. అవతల కాలిక్యులేటర్ మీద వేళ్లు టకటకలాడాయి. తమ్ముడు ఒక అంకె చెప్పాడు.

"ఖాళీ పెట్టె పోను ఇంత, అక్కా."

"పోను అన్నావు. మళ్లీ మాట మారిస్తే ఊరుకోను."

"పోను అనే అన్నాను. ఒకటికి పదిసార్లు చెబుతాను. పోను, పోను, పోను."

వదిన మొత్తం కూడి చూసింది. మూడో వంతు తగ్గడం కాదు, పైన ఇంకొంత మిగిలింది. లేచి నిలబడి ఆఫీసులో ఉన్న ఇద్దరినీ, కింద టైర్లు మారుస్తున్న నలుగురినీ పిలిచి చెప్పింది. నిమ్మళం సారు చప్పట్లు కొట్టాడు, నిమ్మళంగా. అక్కకు ఫోన్ చేసి, "కుంచె కడుక్కో, పని చాలా ఉంది" అంది. అక్క కార్ఖానాలో అందరికీ చెప్పింది. వాళ్లు ఇళ్లకు వెళ్లి చెప్పారు. సాయంత్రానికల్లా ఊళ్లో కథ ఎంత పెరిగిందంటే, రేవు వదిన తూర్పు సముద్రాన్నే ఊరి పొలిమేర దాకా జరిపిందన్నారు.

మర్నాడు లారీలు ఖాయం చేద్దామని తమ్ముడికి ఫోన్ చేసింది.

"అంతా బాగుందక్కా. మరి ఖాళీ పెట్టె వెనక్కి ఎవరు తెచ్చుకుంటారు?"

"ఎవరేమిటి, నువ్వే!"

"నేనెందుకు తెస్తాను?"

"పోను అన్నావుగా!"

"అందుకే కదక్కా. ఖర్చులు పోను మిగిలింది అంటామే, ఆ పోను. ఖాళీ పెట్టె ఖర్చు తీసేసి చెప్పాను."

"నేనడిగింది రాను పోనులో పోను రా నాయనా!"

ఫోన్‌లో ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఇద్దరూ అన్నమాట మీదే నిలబడ్డారు. ఒక్క చిక్కల్లా, ఆవిడ దాన్ని కలిపేసింది, అతను తీసేశాడు.

"తప్పు నాదే అక్కా, విడమరిచి చెప్పాల్సింది" అన్నాడు తమ్ముడు చిన్నగా.

"నీదీ కాదు, నాదీ కాదు. ఆ మాటది. సరే, దాన్ని వెనక్కి తేవాలంటే ఎంత?"

చెప్పాడు. ఆ చదును దారి చాలా పొడుగు. ఖాళీ పెట్టెకైనా లారీ అంత దూరమూ నడవాల్సిందే, డ్రైవరు అన్నం తినాల్సిందే. నిండు కుండ తొణకదంటారు గానీ, ఖాళీ పెట్టె మాత్రం ఒళ్లంతా నోరు చేసుకుని డబ్బడుగుతుంది. కూడి చూస్తే మూడో వంతు తగ్గింపు కాస్తా ఆవిరైంది. పడమటి దారికీ తూర్పు దారికీ వెంట్రుకవాసి తేడా.

ఇంకెవరైనా అయితే అక్కకు ఫోన్ చేసి ఏడ్చేవాళ్లు. వదిన ఫోన్ చెయ్యలేదు. చెబితే ఓడినట్టు, చెప్పకపోతే ఇంకా ఆడుతున్నట్టు.

సాయంత్రం ఇంట్లో వంటగట్టు మీద ఉల్లిపాయలు తరుగుతుంటే మొగుడు వచ్చి గుమ్మం దగ్గర కూలబడ్డాడు.

"భుజాలు పడిపోయాయి. పొద్దున్నుంచీ ఎక్కిస్తూనే ఉన్నాను."

"ఏం సరుకు?"

"సరుకా? గాలి. ఎక్కించినవాటిల్లో సగం ఖాళీ పెట్టెలే. గాలిని ఓడెక్కించే ఉద్యోగం నాది. చదువుకునే రోజుల్లో మా మాస్టారు గాలికి తిరిగేవాణ్నని అనేవారు, నిజమైంది."

వదిన కత్తి ఆపింది. "అవన్నీ ఖాళీగా ఎందుకు పోతున్నాయి?"

"అటు పంపేందుకు ఏమీ లేక."

"లేక కాదు. ఎవరూ అడక్క." కత్తి పక్కన పెట్టి అక్కకు ఫోన్ చేసింది. "అక్కా, మన ఊరి నుంచి విదేశం పోయే సరుకేమైనా ఉందా?"

"ఎందుకు లేదు? కుర్చీలావిడ లేదూ? మా కార్ఖానా గోడకు ఆనుకునే ఆవిడ కార్ఖానా. చెక్క కుర్చీలు పంపుతుంది."

"ఏ రేవు నుంచి?"

"మీ రేవే. ఆవిడ కోసం ఖాళీ పెట్టెలు కొండెక్కి వస్తాయి. మా మట్టి దింపుకున్న ఖాళీ పెట్టెలు కొండ దిగి పోతాయి. దారిలో ఎదురైతే పలకరించుకుంటాయేమో తెలీదు."

వదిన తల పట్టుకుంది. ఒకే గోడకు అటొకరు ఇటొకరు. ఈయన దగ్గర ఖాళీ అయిన పెట్టెలోనే ఆవిడ కుర్చీలు ఎక్కిస్తే సరిపోయేది. ఇన్నేళ్లుగా ఇద్దరూ గాలిని కొండలు ఎక్కించి దించుతున్నారు.

"మరి ఒకరి పెట్టె ఒకరు ఎందుకు వాడుకోరు?"

"మాటల్లేవుగా!" అంది అక్క, ఇదేం ప్రశ్న అన్నట్టు. "మన బాబాయి మట్టి దుమ్ము ఆవిడ కుర్చీల వార్నిష్ మీద పడిందని గోడ ఎత్తు లేపింది. ఆ గోడ నీడ వల్ల పచ్చి పెంకులు ఆరడం లేదని ఈయన అలిగాడు. గోడ లేచినప్పటి నుంచి ఒకరి మొహం ఒకరు చూడలేదు. చూద్దామన్నా గోడ అడ్డం."

మర్నాడు ఆవిడ ఆఫీసులో నిలబడి, "సారూ, మా ఊరు వెళ్తున్నాను. నేను వచ్చేలోపు, మట్టి తెచ్చిన పెట్టెలోనే కుర్చీలు ఎక్కించి తూర్పు రేవులో ఇస్తాం, ఒప్పుకుంటారా అని ఓడ కంపెనీని అడగండి" అంది. నిమ్మళం సారు నోరు తెరిచాడు. "నిమ్మళంగా వద్దు" అంది ఆవిడ. అప్పుడాయన మెట్లు రెండేసి చొప్పున దిగాడని టైర్లవాళ్లు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు.

ఊళ్లో బస్సు దిగీ దిగగానే వదిన నేరుగా కుర్చీలావిడ దగ్గరికి వెళ్లింది. సన్నగా, పొడుగ్గా, వీపు నిటారుగా ఉండే మనిషి. కుర్చీలు చేసీ చేసీ ఆవిడే కుర్చీలా అయిందని ఊళ్లో అనుకుంటారు. వదిన లెక్కంతా చెప్పింది. పెట్టె గోడ అవతలే దొరుకుతుంది, దాన్ని ఖాళీగా కొండెక్కించే ఖర్చు ఉండదు, తూర్పు ఓడకు కాస్త ఎక్కువిచ్చినా మిగులుతుంది.

"లెక్క బాగుంది" అంది కుర్చీలావిడ. "లెక్కలో దుమ్మెక్కడ వేశావు?"

"దుమ్మా?"

"ఆయన మట్టి మోసిన పెట్టెలో నా కుర్చీలా? గోడ కట్టి ఆపిన దుమ్మును చేజేతులా డబ్బిచ్చి కొనుక్కోనా? అవతల దేశంలో పెట్టె తెరిస్తే నా కుర్చీలు పిండిలో పొర్లిన చేపల్లా ఉంటాయి."

"కడిగిస్తాను."

"కడిగితే తడి. తడి పెట్టెలో చెక్క పెడితే దారిలోనే బూజు."

"ఆరబెట్టిస్తాను."

"ఎవరు?"

"నేను."

కుర్చీలావిడ ఆవిణ్ని పైనుంచి కిందిదాకా చూసింది. "కడుగు. నేను వచ్చి చూస్తాను. ఒక్క వేలికి దుమ్ము అంటినా మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

అప్పుడే పడమటి నుంచి వచ్చిన ఒక మట్టి పెట్టెను పెంకులాయన ఆవరణలో దించుతున్నారు. అది ఖాళీ అయ్యేదాకా చూసి, వదిన బకెట్టూ చీపురూ పట్టుకుని లోపలికి దూరింది. పెంకులాయన పరుగున వచ్చాడు.

"ఏమిటే ఇది! నీకేమైనా పిచ్చా?"

"రేటు తగ్గిస్తున్నాను బాబాయ్. పక్కకు జరుగు, బట్టలు తడుస్తాయి."

"ఎవరి కోసం కడుగుతున్నావు?"

"కుర్చీలావిడ కోసం."

"ఆవిడ పేరు నా ఆవరణలో ఎత్తొద్దు!"

"ఎత్తలేదు. కుర్చీలు అన్నాను. కుర్చీల మీద నీకు కోపం లేదుగా?"

ఆయన చిందులు తొక్కాడు. వదిన నేల తోమింది. తెల్లమట్టి మామూలు మట్టి కాదు, నీళ్లు పోసిన కొద్దీ పాలు కారుతుంది. పెట్టె లోపలి గోడలు ముడతలు ముడతలుగా ఉంటాయి, ప్రతి ముడతలోనూ దాక్కుంటుంది. ఆవిడ కడిగిన నీళ్లు కాలవలో చూసి పిల్లులు పాలనుకుని వచ్చాయని ఒక కథ. పిల్లుల సంగతేమో గానీ, అక్క మాత్రం వచ్చింది. వెనకాలే ఇంకో ముగ్గురు ఆడవాళ్లు.

"చీపురు వద్దే, మోటు మనిషి" అంది అక్క. "ముందు తడిగుడ్డ, తర్వాత స్పాంజి, ఆఖరికి పొడిగుడ్డ. రంగు వేసే ముందు పెంకు తుడవడం మాకు రోజూ పనేగా."

"మరి ఆరబెట్టడం?"

"పచ్చి పెంకును బీట పడకుండా ఆరబెడతాం. ఇనప పెట్టె ఆరదా?" అంటూ అక్క పెంకులు ఆరబెట్టే గది నుంచి పెద్ద ఫ్యాన్లు దొర్లించుకొచ్చింది. పెంకులాయన అడ్డం పడబోయాడు. "బాబాయ్, పెంకులు మీవి, చేతులు మావి" అంది అక్క, మొదటిసారి ఆయన మీద గొంతు పెంచి. ఆయన పక్కకు తప్పుకున్నాడు. తలుపులు బార్లా తీసి, ఎండా గాలీ కలిపి కొట్టించారు. సాయంత్రం ఎండ వాలకముందే పెట్టె లోపలి నేల చెంపకు ఆనిస్తే వెచ్చగా ఉంది.

కుర్చీలావిడ వచ్చింది. గోడ లేచాక ఆ ఆవరణలో కాలు పెట్టడం అదే మొదలు. పెంకులాయన ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ నేల వైపు చూస్తూ నడిచింది. లోపలికెక్కి తెల్ల రుమాలుతో ఒక ముడత తుడిచింది, ఇంకోటి తుడిచింది, మూలల్లో వేలు పెట్టింది. రుమాలు తెల్లగానే ఉంది. మట్టి కూడా తెల్లనే కదా అనుకుందేమో, నల్ల గుడ్డ తీసి మళ్లీ తుడిచింది. అదీ నల్లగానే ఉంది.

"ఇప్పుడు చిల్లులు చూడాలి. తలుపులు వెయ్యమను" అంది.

పెట్టెకు సూదిమొన అంత చిల్లున్నా సముద్రం మీద నీళ్లు దిగుతాయి. లోపల నిలబడి తలుపు వేయించుకుని, ఎక్కడైనా వెలుతురు పొడుచుకు వస్తోందా అని చూడాలి. వదిన, ఆవిడ ఇద్దరూ లోపల నిలబడ్డారు. బయట అక్క తలుపు మూసి గడియ దించింది. కాటుక డబ్బాలో పడ్డట్టు చీకటి.

కాసేపు ఇద్దరూ తలలెత్తి చూశారు. ఎక్కడా చుక్క వెలుతురు లేదు.

"గట్టి పెట్టే" అంది కుర్చీలావిడ గొంతు. అదే చీకట్లోంచి, "నిజానికి గోడ అంత ఎత్తు లేపాల్సింది కాదు. మేస్త్రీ అడిగాడు, చాలా అని. కోపంలో ఇంకొంచెం అన్నాను" అంది. మొహం కనబడని చోట మాట తేలిగ్గా వస్తుంది.

"ఆ మాట బయటికెళ్లి అనండి."

"ఛీ, ప్రాణం పోయినా అనను. తలుపు తియ్యమను."

వదిన తలుపు మీద తట్టింది. తలుపు కదల్లేదు. మళ్లీ తట్టింది. బయట అక్కను పక్కకు జరిపి, గడియ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు పెంకులాయన. పెట్టె తలుపుకు లోపల గడియ ఉండదు.

"బాబాయ్, తలుపు తియ్యి!"

"నువ్వడిగితే తియ్యను. నువ్వు నా మనిషివి. ఆవిణ్ని అడగమను."

చీకట్లో కుర్చీలావిడ పళ్లు నూరిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వదిన ఒక్క మాట కలపలేదు. దేశమంతా రేట్లు తగ్గించిన నోరు అది, ఆ కాసేపు మూసుకుని ఉండటమే ఆవిడ చేసిన అన్నిటికంటే పెద్ద పని అంటుంది అక్క.

"తలుపు తియ్యండి" అంది కుర్చీలావిడ.

"ఎవరూ?"

"గోడవతల మనిషిని. తియ్యండి, ఊపిరాడ్డం లేదు."

"నా పెంకులకు కూడా ఎండ ఆడటం లేదు."

"రెండు వరసల ఇటుకలు దించుతాను. అంతకు మించి ఒక్క ఇటుక దించను."

"మూడు."

"రెండు! నా కుర్చీల మీద దుమ్ము ఎవరు తుడుస్తారు?"

"రెండున్నర" అంది వదిన మధ్యలో. "సగం ఇటుక నేను పట్టుకుపోతాను."

బయట ఎవరో ఫక్కున నవ్వారు. అక్కే. గడియ కిర్రుమని లేచింది. వెలుతురు ఒక్కసారి మొహాన కొట్టింది. పెంకులాయన మొహం ఎర్రగా ఉంది, కోపమో సిగ్గో ఆయనకే తెలియాలి.

కుర్చీలావిడ కిందికి దిగి దుమ్ము లేని చేతులు దులుపుకుంది. "మొదటి తూర్పు పెట్టె రాగానే కబురు పెట్టండి. కుర్చీలు సిద్ధంగా ఉంచుతాను" అని గోడను చూస్తూ చెప్పింది. గోడను చూస్తున్నా మాట మాత్రం ఆయనకే చెప్పింది.

అప్పుడే నిమ్మళం సారు ఫోన్. ఒగరుస్తున్నాడు. ఓడ కంపెనీ సరేనంది, పెట్టె నిండుగా తిరిగొస్తే వాళ్లకేం నొప్పి అన్నాడు. వదిన ఆ ఆవరణలోనే, తడి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, తూర్పు తమ్ముడికి ఫోన్ చేసింది. ఈసారి రాను, పోను అనే మాటలు వాడలేదు. మట్టి వచ్చేటప్పుడు ఒక లారీ, కుర్చీలు వెళ్లేటప్పుడు అదే లారీ, ఎవరు ఎంత ఇవ్వాలి అని ముక్క ముక్కలుగా అడిగింది. ఖాళీగా నడిచే దూరం లేకపోయేసరికి అతను చెప్పిన అంకె విని, పెంకులాయన వైపు ఫోన్ తిప్పింది.

"మళ్లీ చెప్పు తమ్ముడూ, మా బాబాయికి చెవుడు."

ఆయన విన్నాడు. మూడో వంతూ తగ్గింది, పైన కాస్త కూడా. గడ్డం గోక్కున్నాడు.

"ఒక్క ఏడాది చూస్తాను. ఆ షెడ్డువాడికి వద్దని చెబుతాను. ఏడాది తర్వాత రేట్లు పెరిగితే మాత్రం నన్ను ఆపొద్దు."

"పెరుగుతాయి" అంది వదిన. "ఓడల రేట్లు పెరక్కుండా ఉంటాయా? అప్పుడు ఇంకో దారి వెతుకుతాను. దేశానికి ఉత్తరం కూడా ఉంది."

అక్క ఫ్యాన్లు ఒక్కొక్కటే దొర్లించుకుంటూ పెంకుల గదిలోకి వెళ్లింది. ఆరాల్సిన పెంకులు అక్కడ ఇంకా ఉన్నాయి.

వదిన తడిసిన పాదాలతో గేటు వైపు నడుస్తూ కుర్చీలావిడను అందుకుంది.

"ఒక్కమాట. మీ వార్నిష్ ఎక్కణ్నుంచి వస్తుంది?"

"విదేశం నుంచే. ఎందుకు?"

"ఏ తీరంలో దింపుతున్నారు?"